గుండ్లచెల్కకు తోవ

మొన్న ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తెస్తున్నతను ఫోన్ చేసి ఇల్లు దొరకడం లేదన్నాడు. నేను హుషారుగా మొదలుపెట్టాను: పాత హైవే మీద పెట్రోలు బంకు దాటితే ఎడమ చేతికి మూతబడ్డ రైసుమిల్లు కనబడుతుంది, దాని గోడ వెంబడే వస్తే గోడ అయిపోయే చోట వేపచెట్టు, చెట్టు కింద ఇస్త్రీ బండి, అక్కడి నుంచి... అతను మధ్యలోనే ఆపి, అదంతా ఎందుకు సార్, లొకేషన్ పంపండి చాలు అన్నాడు. పాపం మర్యాదగానే అన్నాడు. నేను పంపనన్నాను. దారి చెప్తాను, వస్తే రా, రాకపోతే నువ్వే తిను అన్నాను. ఎవరితో ఆ పంతం అని లోపల్నుంచి మా ఆవిడ అడిగింది. ఆ పంతం వెనక ఒక గ్రహం ఉందంటే ఆమె నమ్మదు. మీరు నమ్ముతారనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

నాకింకా నలభై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకోవడానికి కనీసం మోకాళ్ళ నొప్పులైనా ఉండాలి కదా అని మీరనవచ్చు. కానీ నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చుని, వెనక కుర్చీలో వంతు కోసం కాచుకున్నవాడి ఊపిరి మెడకు తగులుతుంటే ఒక్క బొమ్మ తెరుచుకునేదాకా గోళ్ళు కొరుక్కున్న తరం మనది. ఆ నెట్ సెంటర్లు మనం చూస్తుండగానే పుట్టి, మనం చూస్తుండగానే పోయాయి. ఒక కాలం పుట్టుక, చావు రెండూ చూసినవాడు ఏ వయసువాడైనా ముసలివాడి కిందే లెక్క.

అవి రెండువేల పదకొండు ప్రాంతపు రోజులు. శంషాబాదుకు విమానాశ్రయం వచ్చి మూడేళ్ళయినా మాకింకా కొత్తే. మా ఊరి భూముల్లో చాలా భాగం దాని కిందికే పోయింది. దాని గురించి అప్పట్లోనే ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, ఇళ్ళు కట్టేవాళ్ళు కట్టారు, కొందరు ఏడుస్తూనే కట్టారు, కాబట్టి నేను మళ్ళీ మొదట్నుంచి ఏడవబోవడం లేదు. మేము శంషాబాదులో రెండు గదుల ఇంట్లోకి కిరాయికి వచ్చాం. నాకు ఆ విమానాశ్రయంలోనే ఉద్యోగం దొరికింది. ఇంగ్లీషులో ఆ ఉద్యోగానికి మూడు మాటల పేరుండేది. పని మాత్రం, ప్రయాణికులు ఎక్కడ పడితే అక్కడ వదిలేసి పోయిన ట్రాలీలను ఏరి, ఒకదానిలో ఒకటి దూర్చి, పొడుగ్గా పాములా తోసుకుపోవడం. మా తాత ఆ నేల మీద అరక తోలాడు, నేను ట్రాలీలు తోశాను. దానికే మా అమ్మ, పోయిన భూమి మళ్ళీ మనకే అన్నం పెడుతోందని చుట్టాలకు చెప్పుకునేది. అన్నం పెట్టేది క్యాంటీను కాంట్రాక్టరని నేనెప్పుడూ సరిదిద్దలేదు.

మాతోనే మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, ఉండేవాడు. చిన్నమ్మ ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ఆయనకొక పని ఉండేది. భూములు కొలవడానికి సర్వేయరు వచ్చినప్పుడు గొలుసు రెండో కొస పట్టుకునేది ఆయనే. ముప్పై ఏళ్ళు ఆ కొస పట్టుకుని తిరిగినందుకు ఊళ్ళో ఏ హద్దురాయి ఏ తుమ్మ మొదట్లో పూడిపోయి ఉందో ఆయన పాదాలకు తెలుసు. అన్నదమ్ములకు గట్టు తగాదా వస్తే కాగితాలు తరువాత, ముందు చిన్నాయనను పిలుచుకొచ్చేవారు. ఆయన తాపీగా బీడి ముట్టించి, గట్టు వెంట నడిచి, ఒకచోట ఆగి కాలితో నేలను తట్టేవాడు. అక్కడ తవ్వితే రాయి తగిలేది. అంతటితో తగాదా అయిపోయేది, లేదా కనీసం ఆ రాయి గురించి అయిపోయేది. ఆయన మాట అబద్ధమని ఊళ్ళో ఎవరూ ఎన్నడూ అనలేదు. నా మాట గురించి మాత్రం రోజుకు నాలుగుసార్లు అనేవారు, అది వేరే సంగతి.

ఆయన సొంత భూమి రెండెకరాల మెట్ట. దాన్ని గుండ్లచెల్క అనేవాళ్ళం. అక్కడ ఏం పండేదో పేరే చెబుతుంది: గుండ్లు. ఏనుగులంత రాళ్ళు, ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఉండేవి. వాటి సందుల్లో ఆయన కందులు వేసేవాడు. భూమి పోయే రోజుల్లో ఆయన కొత్త ధోతి కట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు, హద్దులు నడిచి చూపిద్దామని. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేశాడు, చాయ్ తాగించాడు, నడవాల్సిన పని లేదు పెద్దాయనా, సర్వే నంబరు చెప్పు సరిపోతుంది అన్నాడు. చిన్నాయన నంబరు చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ భూమి గురించి ఆయన్ను ఇంకెవరూ ఏమీ అడగలేదు. శంషాబాదుకు వచ్చాక ఆయన పని డాబా మీద కూర్చుని, దిగే విమానాలను చూడటం. ఫలానాది మన చెల్క మీదికే దిగిందని చెప్పేవాడు. రన్‌వే అటు లేదని నాకు తెలుసు. నేను రోజూ అక్కడే ఉంటాను కదా. అయినా ఎవరి విమానాలు వారివని ఊరుకునేవాణ్ని.

బస్టాండు దగ్గర మా మేనబావకు నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, పాస్‌పోర్టు ఫోటోలకు నీలం పరదా. అయిదో కంప్యూటర్లో ఎవరో ఇంజినీరింగు కుర్రాడు ఒక ఆట ఎక్కించి, పరీక్షలు అయిపోగానే మాయమయ్యాడు. ఆ ఆటలో తుపాకులు లేవు, శత్రువులు లేరు, గెలుపు లేదు. ఆకాశమంతా ఉంటుంది, అంతే. ఒక చిన్న ఓడలో కూర్చుని ఏ చుక్క దగ్గరికైనా పోవచ్చు, దాని చుట్టూ తిరిగే గ్రహం మీద దిగవచ్చు. ఎవరూ ముందు గీసి పెట్టిన గ్రహాలు కావవి. ఆటే తన లెక్కతో పుట్టిస్తుంది, కోట్ల కొద్దీ. ఎక్కువ భాగం బూడిద రంగు బంతులే. ఎక్కడో ఒకచోట వింత తగులుతుంది. తగిలినవాళ్ళు దాని ఫోటో తీసి, దేశదేశాల ఆటగాళ్ళు కలిసే ఒక సైట్లో పెట్టేవారు. ప్రతి చుక్కకూ, గ్రహానికీ ఆటలో పొడుగాటి నంబరుండేది. ఫోటో కింద ఆ నంబరు రాస్తే, మిగతావాళ్ళు దాన్ని కొట్టి, రెప్పపాటులో అక్కడ వాలి, ఆహా అని పోయేవారు. వాటిలో మేలైన వాటిని ఒకాయన వింతల పట్టికలో ఎక్కించేవాడు. జీతం లేని పనికి అంత కఠినంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మేమాయనకు పట్టిక పెద్దమనిషి అని పేరు పెట్టుకున్నాం.

చిన్నాయన ఒకరోజు ఏదో కాగితం జిరాక్స్ కోసం వచ్చి, మిషన్ వేడెక్కిందని బావ కూర్చోమంటే నా పక్కన కూర్చున్నాడు. నేను డ్యూటీ దిగి, యూనిఫారం కూడా విప్పకుండా, ఒక పచ్చటి గ్రహం చుట్టూ తిరుగుతున్నాను. ఆయన చాలాసేపు చూసి, ఆ భూమి ఎవరిదని అడిగాడు. ఎవరిదీ కాదన్నాను. ఎవరిదీ కాని భూమి ఉంటుందా అన్నట్టు నా వైపు చూశాడు. జిరాక్స్ అయిపోయినా లేవలేదు. వారం తిరిగేసరికి రెండు వేళ్ళతో ఓడ నడపడం నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అయిదో కంప్యూటర్ ఆయనదని ఊరందరికీ తెలిసిపోయింది.

ఆయన తిరిగే పద్ధతే వేరు. నేను నంబర్లు కొట్టి గెంతేవాణ్ని. ఆయన ఎక్కడికైనా నడిచే పోవాలి. సూర్యుడి దగ్గర బయలుదేరి, తెల్లవారుజామున బాయి కాడికి పోయే రోజుల్లో పొద్దు గుర్తుకు చూసుకున్న పిల్లలకోడి అనే కృత్తికల గుంపునూ, గొర్రుకొయ్యలనే మూడు చుక్కల వరుసనూ ఆ తెర మీద పట్టుకుని, వాటి ఆనవాలుతో ముందుకు పోయేవాడు. సైట్లో జనం పెట్టిన వింతలు నేను చదివి చెప్పేవాణ్ని: గుడ్డులా సాగిన గ్రహం, మూడు సూర్యుళ్ళ కింద మూడు రంగుల నీడలు, అట్లాంటివి. ఆయన అన్నీ శ్రద్ధగా విని ఒకే మాట అడిగాడు.

“అందరు నంబర్లే చెప్తున్నరు. ఒక్కడన్న తోవ చెప్పడేందిరా?”

గుండ్లచెల్క దొరికిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. కరెంటు పోయి వచ్చింది, బావ ఎవరి హాల్ టికెట్టో తలకిందులుగా ప్రింటు తీసి వాళ్ళతో గొడవ పడుతున్నాడు. చిన్నాయన ఎర్రటి చిన్న గ్రహం మీద దిగాడు. ఎర్రమన్ను నేల, దాని నిండా గుండ్లు, గుండు మీద గుండు. నేను, భలే, మన చెల్కనే అని ఎగతాళి చేయబోయాను. అంతలో తెర మీద ఏదో నీడ కమ్మింది. ఆ గ్రహానికి ఒక చందమామ ఉంది. అది కొండల వెనక నుంచి లేచి, మా తలల మీద నుంచి, చేయి చాపితే అందేటంత కిందుగా, గరుకు గరుకు గుంటలన్నీ కనబడేటట్టు దాటిపోయింది. మా డాబా మీద నుంచి విమానం పోయినట్టు పోయింది, చప్పుడు ఒక్కటే తక్కువ. చిన్నాయన తల వంచాడు. అరవై ఏళ్ళ మనిషి, నెట్ సెంటర్లో, ప్లాస్టిక్ కుర్చీలో, తలకు తగులుతుందేమోనని వంగాడు. నేను నవ్వాను. నేను కూడా వంగానని మీకు మాత్రమే చెబుతున్నాను.

దాన్ని సైట్లో పెడదామని నేనే అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు కానీ నంబరు వద్దన్నాడు, తోవ రాయమన్నాడు. ఆయన చెబుతుంటే నేను నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను: సూర్యునికి వీపు పెట్టి పిల్లలకోడికి ఎదురు నడవాలి, అది దాటితే చినిగిన గొంగడి లాంటి ఎర్రమబ్బు వస్తుంది, మబ్బులో నుంచి బయటపడ్డాక ఒక బీడి దూరం పోవాలి, అక్కడ మూడు పొయ్యిరాళ్ళలా మూడు ఎర్రచుక్కలు... బీడి దూరం అంటే ఒక బీడి కాలి ఆరిపోయేంత సేపటి నడక. మా ఊళ్ళో దూరాలన్నీ అట్లాగే ఉండేవి. గొంగడిని ఇంగ్లీషులో ఎలా అనాలో నాకు తెలియలేదు, గొర్రెల కాపరి చిరుగు దుప్పటి అని రాశాను. పైన పేరు పెట్టాను: గుండ్లచెల్క.

మొదటి రెండు రోజులు జనం సరదా పడ్డారు. ఆవు కనబడితే కుడికి తిరగాలా అని ఒకడు అడిగాడు. మూడో రోజు పట్టిక పెద్దమనిషి వచ్చాడు. చందమామ అంత దగ్గరగా తిరిగితే గ్రహం లాగుడుకు అది ముక్కలైపోవాలని, ఆట కూడా ఆ లెక్క తప్పదని, కాబట్టి ఇది దిద్దిన బొమ్మ అని, వారంలోగా నంబరు ఇవ్వకపోతే దీన్ని అబద్ధాల పెట్టెలో వేస్తానని రాశాడు. ఆ సైట్లో దొంగ ఫోటోలకు నిజంగానే అట్లాంటి ఒక అర ఉండేది, పైన పెట్టినవాళ్ళ పేర్లతో సహా.

నేను ఆ సంగతి నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. అబద్ధమన్నాడా అని రెండుసార్లు అడిగాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, ఆ రోజు ఇంట్లో మటన్, శుభ్రంగా తిన్నాడు. కాకపోతే, మటన్ రోజు ఉప్పు గురించైనా మాట్లాడని చిన్నాయనను నేను అదే మొదటిసారి చూడటం.

బావ ఆయనకు మెల్లగా చెప్పి చూశాడు. ఇంత చిన్నదానికి పరేషాన్ ఎందుకు మామా, నంబరు పడేస్తే వాడే వచ్చి చూసుకుని నోరు మూసుకుంటాడు కదా అన్నాడు. దానికి చిన్నాయన చెప్పిన జవాబు ఇన్నేళ్ళయినా నా చెవుల్లోనే ఉంది.

“ఆఫీసుల గట్లనే అడిగిండ్రు అల్లుడా. నంబరు చెప్పిన, అయిపోయింది. ఇగ నన్ను అడిగినోడు లేడు, ఆ నేల మీద నడిచినోడు లేడు. ఈడ గూడ చెప్పాల్నా? నేను తోవ చెప్పిన. నడిచినోడు చేరుతడు. నడువనోనికి నా భూమితోని ఏం పని?”

అది ఆటరా నాయనా, నీ భూమి కాదని అనాలనిపించింది. నాకు అన్నిటికీ నోరొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదనుకోండి.

అయినా నేను ఊరుకోలేదు. ఆయన లేనప్పుడు ఆ గ్రహం నంబరు నా డ్యూటీ చీటీ వెనక రాసి పెట్టుకున్నాను. పద్నాలుగు అంకెలు. గడువులో ఆరో రోజు మధ్యాహ్నం దాన్ని సైట్లో టైపు చేశాను, ముసలాయనకు తెలియకుండా ఆయన పరువు కాపాడదామని. పంపే బటన్ మీద వేలు పెట్టేసరికి వెనక నుంచి బీడి వాసన వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కోవాలి, కానీ ముప్పై ఏళ్ళు గొలుసు పట్టిన మనిషికి అంకెలు రాకుండా ఎట్లా ఉంటాయి?

“పంపురా. పంపినంక నన్ను చిన్నాయనా అని పిలువకు.”

ఆ బెదిరింపు ఆయన టీవీ రిమోట్ కోసం కూడా చేసేవాడు, కాబట్టి దానికే నేను బెదిరిపోయానని చెప్పను. కానీ గొంతు ఎత్తకుండా అన్నాడు, రిమోట్ దగ్గర ఎత్తేవాడు. నేను ఆ అంకెలు ఒక్కొక్కటే తుడిపేశాను, పద్నాలుగూ. ఆయన వెనకే నిలబడి లెక్కపెట్టుకున్నాడని నా అనుమానం.

తుడిపేశాక చూస్తే మా ఫోటో కింద కొత్త జాబు ఒకటి వచ్చి ఉంది. ఏదో చలిదేశంలో ఉత్తరాల బండి నడిపే ఒకావిడ రాసింది. మీరు చెప్పిన దారినే వచ్చాను, చిరుగు దుప్పటి అద్భుతంగా ఉంది, దాని నుంచి బయటికి కూడా వచ్చాను, ఇంతకూ ఒక బీడి అంటే ఎంత సేపు అని అడిగింది. దేశదేశాల్లో వందలమంది ఆ ఫోటో చూశారు, అందులో నడిచింది ఈమె ఒక్కతే. చిన్నాయనకు చదివి వినిపిస్తే ఆయన వెంటనే, ఆమె ఇండ్లు వెతికే మనిషి, ఆమెకు తెలుస్తుంది అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లో పోస్టుబిడ్డ.

బీడి కొలవడానికి మేము సెంటర్ బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆయన పీల్చాడు, నేను ఫోన్లో టైము చూశాను. మొదటి బీడి ఏడు నిమిషాలు. సరిచూసుకుందామని రెండోది పెడితే, దారినపోయే తెలిసినాయన ఆగి, రావిర్యాలలో వాళ్ళ అమ్మాయి సంబంధం సంగతంతా చెప్పడంతో పదకొండు నిమిషాలైంది. మొదటిదే ఖాయం చేసి పోస్టుబిడ్డకు రాశాం. మర్నాడు ఆమె జవాబు: ఏడు నిమిషాలు పోయాను, చుట్టూ చీకటి తప్ప ఏమీ లేదు, ఎర్రచుక్కలు ఎక్కడా లేవు.

చిన్నాయన బీడి కట్టను జేబులో పెట్టుకున్నాడు. బావ మాత్రం తల కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మా అయిదో కంప్యూటర్ పాతది, ఆట దానిలో ఎడ్లబండిలా నడుస్తుంది. అదే ఆట మంచి కంప్యూటర్లో ఎగిరిపోతుంది. మేము శంషాబాదు నుంచి షాద్‌నగర్ చేరే సేపట్లో ఆమె కర్నూలు దాటిపోయి ఉంటుంది. మేము కొలిచింది ఆకాశాన్ని కాదు, బావ కంప్యూటర్ బద్ధకాన్ని.

చిన్నాయన కోప్పడతాడనుకున్నాను. ఆయన తల ఊపాడు. తప్పు తనదేనని, మనిషి మనిషికి అడుగు మారుతుందనే కదా గొలుసు పుట్టిందని, తను గొలుసు పట్టినవాడై ఉండి బీడి లెక్కన దూరం చెప్పడమేమిటని, గుర్తులు చెప్పి ఉండాల్సిందని అన్నాడు. తర్వాత మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ఎర్రమబ్బు నుంచి గుండ్లచెల్క దాకా మళ్ళీ మొదటి నుంచి నడిచాడు, ఈసారి బీడి ముట్టించకుండా. గొంగడికి ఒక చిల్లు ఉందని, ఆ చిల్లులో నుంచి చూస్తే తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా పెద్ద పసుపుచుక్క పక్కన చిన్న నీలిచుక్క కనబడుతుందని, ఆ రెండింటి నడుమ నుంచి పోతేనే పొయ్యిరాళ్ళు ఎదురొస్తాయని, ఇట్లా ఒక్క కొలత కూడా లేకుండా తోవ చెప్పాడు. నేను అన్నీ డ్యూటీ చీటీల వెనక రాసుకున్నాను. ఆ మూడు రోజులు నా యూనిఫారం జేబు చూసిన సూపర్‌వైజరు, ట్రాలీలు ఏరేవాడికి ఇంత రాతపని ఏమిటని అడిగాడు.

ఆ మూడు రోజుల్లోనే వారం గడువు దాటిపోయింది. పట్టిక పెద్దమనిషి అన్నంత పనీ చేశాడు. గుండ్లచెల్క అబద్ధాల పెట్టెలోకి పోయింది. పైన ఒకడు తన పెంపుడు పిల్లి బొమ్మను గ్రహంగా దిద్ది పెట్టాడు, దాని కింద మేము. తీసేయమని బతిమాలుతూ రాద్దామా అని అడిగాను. చిన్నాయన అవసరం లేదన్నాడు. కొత్త తోవను తీసుకెళ్ళి ఆ పెట్టెలోనే, పిల్లి కిందనే పెట్టమన్నాడు. తోవ ఎక్కడ రాసి ఉంటే ఏం, పోయే చోటు మారదు కదా అన్నాడు.

నాలుగో రోజు పోస్టుబిడ్డ చేరింది. పెద్దగా ఏమీ రాయలేదు, ఫోటో పెట్టింది: గుండు మీద గుండు, దాని మీద నుంచి పోతున్న చందమామ, మేము చూసిన చోటు నుంచే. కింద ఒక్క వాక్యం, తల వంచానని. అది చదివినప్పుడు చిన్నాయన ముఖం ఎట్లా ఉందో వర్ణించగలను గానీ, ఆయన వెంటనే లేచి మూత్రానికి పోయాడు కాబట్టి నేను సరిగ్గా చూడలేదు. తిరిగొచ్చేసరికి కళ్ళు కడుక్కుని ఉన్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. అది వానాకాలం.

పట్టిక పెద్దమనిషి మమ్మల్ని పెట్టెలో నుంచి తీశాడు. ఆటలో ఆ లెక్క ఎక్కడో జారి ఉంటుందని, అందుకే అట్లాంటి చందమామ పుట్టిందని గొణిగాడు. కానీ నంబరు లేనిదే పట్టికలో ఎక్కించనన్నాడు, రూలు రూలేనట. పోస్టుబిడ్డ తను నంబరు చెప్పగలిగీ చెప్పలేదు. చిన్నాయన కూడా పట్టిక లేకపోతే కందులు పండవా అన్నాడు. అట్లా రెండేళ్ళపాటు గుండ్లచెల్క అబద్ధమూ కాకుండా, పట్టికలోనూ లేకుండా, నడిచేవాళ్ళ కోసం ఉండిపోయింది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు చేరేవారు. తల వంచామని రాసేవారు. ఆయన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు, తర్వాత కాలి వేళ్ళ దాకా వచ్చింది.

రెండువేల పదమూడు చివర్లో ఆ ఆటను కొత్తగా దిద్ది విడుదల చేశారు. చుక్కలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి, కానీ నంబర్లు మొత్తం మార్చేశారు. పాత నంబరు కొడితే ఇంకెక్కడికో, ఏ బూడిద బంతి మీదికో పోతుంది. సైట్లో ఒకటే గోల. ఏళ్ళ తరబడి పోగేసిన వింతల పట్టిక ఒక్క పూటలో చిత్తుకాగితమైంది. గుడ్డు గ్రహం ఎక్కడుందో కనిపెట్టినవాడికే తెలియదు, ఎందుకంటే వాడు అక్కడికి నడిచిపోలేదు. నేనూ నా దొంగచీటీ తీసి ఆ పద్నాలుగు అంకెలు కొట్టి చూశాను. ఒక మురికి నీలం గాలిబుడగ మీద వాలాను.

చిన్నాయనకు అప్పటికి ఒక కంట్లో శుక్లం. అయిదో కంప్యూటర్ పోయి కొత్తది వచ్చింది. ఆయన కుర్చీ తెర దగ్గరికి లాక్కుని, సూర్యునికి వీపు పెట్టి, పిల్లలకోడికి ఎదురు తిరిగాడు. నేను చీటీలు తీయబోతే వద్దన్నాడు. గొంగడి వచ్చింది, చిల్లు వచ్చింది, తల్లీపిల్లా వచ్చారు, పొయ్యిరాళ్ళు వచ్చాయి. బావ జిరాక్స్ ఆపి వచ్చి నిలబడ్డాడు, జిరాక్స్ కోసం వచ్చినాయన కూడా ఏమిటో తెలియకుండానే నిలబడ్డాడు. ఎర్రనేల మీద దిగాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత కొండల వెనక నుంచి నీడ లేచింది, నలుగురం తల వంచాం.

పట్టిక పెద్దమనిషి జాబు పది రోజులకు వచ్చింది. ఇంత చిన్న జాబు ఆయన ఎన్నడూ రాయలేదు. మీ చిన్నాయన చెప్పిన దారి ఇంకా పనిచేస్తోందని విన్నాను, నేను వెళ్ళవచ్చునా అని అడిగాడు. నేను మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను, ఒకదాన్ని మించి ఒకటి కారంగా. పిల్లి బొమ్మ ప్రస్తావన మూడింట్లోనూ ఉంది. చిన్నాయనకు వినిపిస్తే ఆయన అడిగింది ఒకటే.

“నడుస్తడా?” అన్నాడు.

నడుస్తానంటున్నాడని చెప్పాను. అయితే చెప్పమన్నాడు. వారం తర్వాత ఆ సైట్లో కొత్త పట్టిక మొదలైంది, మొదటి వరుసలో గుండ్లచెల్క. నంబరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది, దాని పక్కన తోవ, మొత్తం తోవ, గొర్రెల కాపరి చిరుగు దుప్పటితో సహా. చిన్నాయన దాని గురించి గర్వపడ్డట్టు కనబడలేదు. ఆయనకు ఒకటే అనుమానం, ఆ పెద్దమనిషి తల వంచాడా లేదా అని. నేను రాసి అడిగాను. రెండు రోజులు ఆలోచించి, వంచానని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు బావ నెట్ సెంటర్ ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ సైటు మూతబడింది. పోస్టుబిడ్డ పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు, అడగాల్సింది. చిన్నాయన పోయి అయిదేళ్ళు. ఆయన పెట్టె సర్దుతుంటే పాత పాసుపుస్తకం దొరికింది, అందులో గుండ్లచెల్క సర్వే నంబరు చక్కగా, చెరగకుండా ఉంది. ఆ నంబరు పట్టుకుని ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ నడిచిపోలేరు. రాళ్ళు లేవు, గట్టు లేదు, తట్టి చూపించే కాలు లేదు. ఈ నేల మీది గుండ్లచెల్కకు నంబరు మిగిలి తోవ పోయింది, ఆ పైదానికి నంబరు పోయి తోవ మిగిలింది. ఆట నా పాత డిస్కులో ఇంకా ఉంది. నెలకొకసారైనా వెళ్ళొస్తాను, నడిచే.

మొన్నటి బిర్యానీ అతను ముప్పావుగంటకు వచ్చాడు, రైసుమిల్లు గోడ వెంబడే, ఇస్త్రీ బండి దగ్గర అడిగి. చల్లారిపోయింది. మా ఆవిడ నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. అతను మాత్రం పోతూ పోతూ, ఆ మిల్లును రోజూ దాటుత సార్, ఎన్నడు చూడలే అన్నాడు. ఈసారి కూడా లొకేషన్ పంపను.

మీలో ఎవరికైనా ఆ ఆట దొరికితే చెబుతున్నాను, రాసుకోండి. సూర్యునికి వీపు పెట్టండి. పిల్లలకోడికి ఎదురు నడవండి. చినిగిన గొంగడి వస్తుంది, చిల్లులో నుంచి చూడండి, తల్లీపిల్లల నడుమ నుంచి పోండి. మూడు పొయ్యిరాళ్ళలో మసకగా ఉన్నదాన్ని పట్టుకుని, విరిగిన గాజు లాంటి వలయమున్న గ్రహం దాటి లోపలికి వస్తే, తరువాతిదే. నంబరు అడగొద్దు, చెప్పను. గుండు మీద గుండు ఉన్నచోట దిగి, కాసేపు ఆగండి.

నీడ రాగానే జర తల వంచండి. అంతా వంచారు.